గలిలయ తుఫాను, మెలితే తుఫాను



క్రైస్తవ విశ్వాసమునకును సముద్రమునకును గల సంబంధమును గూర్చి ఈ పూట మీతో కొంతసేపు ముచ్చటింపవలెనని నా కోరిక. మీలో కొందరు బందరు రేవునకు దాపున కూర్చుండి వినుచుందురు. కొందరు సముద్రమును బొమ్మలలో తప్ప చూచి యెరుగని మెట్టపల్లెలలో ఉందురు. ఎక్కడ నున్నను, ఒక్క సంగతి ముందుగా మనవి చేసెదను. బైబిలు గ్రంథమును లోకమున కిచ్చిన ఆ ప్రాచీన హెబ్రీ జాతికి సముద్రమనిన ప్రేమ లేదు. భయము. అవును, భయమే.

వారు కొండలమీద గొర్రెలను కాచుకొనుచు, ద్రాక్షతోటలు పెంచుకొనుచు బ్రతికిన జనులు. తీరభూమి చిరకాలము పరుల చేతులలో ఉండెను. దక్షిణమున ఫిలిష్తీయులు, ఉత్తరమున తూరు సీదోను పట్టణముల వర్తకులు దాని నేలిరి. సొలొమోను మహారాజంతటివాడు ఓడలు కట్టించినప్పుడు, వానిని నడపుటకు తూరు రాజైన హీరాము తన నావికులను పంపవలసి వచ్చెను. తరువాతి కాలమున యెహోషాపాతు రాజు బంగారమునకై ఓడలు కట్టింపగా, అవి ప్రయాణమే సాగింపక ఎసోన్గెబెరు రేవులోనే బద్దలైపోయెను. ఇక పాత నిబంధనలో సముద్రప్రయాణమునకై ఓడ యెక్కినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడెవడు? యోనా ప్రవక్త. ఆయన యొప్పే రేవున ఓడ యెక్కినది దేవుని పని చేయుటకు కాదు. దేవుని యెదుటినుండి పారిపోవుటకు!

ఆ కథలోని నావికులను మీరొకమారు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వారు అన్యదేవతలను కొలుచువారు. తుఫాను రాగానే ఎవని దేవునికి వాడు మొరపెట్టుకొనెను. ప్రవక్తయో, ఓడ అడుగున పడి నిద్రించుచుండెను. ఆపదకు కారకుడు అతడేయని తేలిన పిమ్మటను, తన్ను ఎత్తి సముద్రములో పడవేయుడని అతడే చెప్పిన పిమ్మటను, వారు వెంటనే ఆ పని చేయలేదు. ఆ పరదేశి ప్రాణము కాపాడుటకై తెడ్లు పట్టి, బలమంతయు ధారపోసి, ఓడను ఒడ్డునకు చేర్చవలెనని పెనగులాడిరి. ఆ పేరులేని ఓడవాండ్రనిన నాకు మిక్కిలి గౌరవము. ప్రవక్తకు లేని కరుణను గ్రంథకర్త వారియందు చూపించినాడు.

సముద్రమును గట్టుమీద నిలిచి చూచి ఆనందించువాని ప్రార్థన ఒకటి. దానికి జడిసినవాని ప్రార్థన ఇంకొకటి. బైబిలులోని ప్రార్థనలు ఈ రెండవవాని నోటినుండి వచ్చినవి. నీళ్లు గొంతువరకు వచ్చినవని మొరపెట్టు కీర్తనలు, అగాధములో మునిగిపోవుచున్నానను ఆక్రందనలు, ఇవియన్నియు భయపడినవారి మాటలు. భయపడినవారి మాటలు గనుకనే అవి వేలయేండ్లు నిలిచినవి.

అయితే ఆ భయమును వారు పూజింపలేదు. ఇరుగుపొరుగు జాతుల గాథలను దీనితో పోల్చి చూచితిమా, ఈ సంగతి స్పష్టపడును. బాబిలోనువారి సృష్టికథలో తియామతు అను సముద్రరూపిణియైన మహారాక్షసిని మార్దూకు దేవుడు యుద్ధములో వధించి, ఆమె శరీరమును రెండుగా చీల్చి లోకమును నిర్మించెను. హెబ్రీయుల ఆదికాండములోనో, అంధకారబంధురమైన ఆ జలరాశిమీద దైవాత్మ సంచరించుటయే కాని, యుద్ధమన్నమాట లేదు. యోబు గ్రంథమునందు ఈ భావము ఇంకను ముందునకు సాగినది. అందు సముద్రము శత్రువు కాదు, శిశువు! గర్భమునుండి పొర్లివచ్చిన ఆ పసికందునకు దేవుడు మేఘమును వస్త్రముగా తొడిగి, గాఢాంధకారమును పొత్తిగుడ్డగా చుట్టి, ఇంతవరకే రావలెనని గడప చూపించుచున్నాడు. మానవుని గుండె ఝల్లుమనిపించు ఆ మహార్ణవమును పొత్తిళ్లలోని బిడ్డగా ఊహించిన ఆ అజ్ఞాతకవి యెవడో కాని, అతడు లోకములోని మహాకవుల పంక్తిలో కూర్చుండదగినవాడు.

ఇప్పుడు గలిలయకు వత్తము. గలిలయ సముద్రమని సువార్తలు చెప్పుచున్నను, అది మంచినీటి సరస్సు. పొడవు ఇంచుమించు 21 కిలోమీటర్లు. సముద్రమట్టముకంటె సుమారు 210 మీటర్ల పల్లమున ఉన్నది. చుట్టును కొండలు. ఆ కొండల సందులనుండి చల్లగాలి ఉన్నట్టుండి క్రిందికి దూకును. క్షణములో నీరు అల్లకల్లోలమగును. 1986వ సంవత్సరములో, అనావృష్టిచేత ఆ సరస్సు నీరు వెనుకకు తీసినప్పుడు, బురదలో ఒక పాతపడవ అవశేషము బయటపడెను. అది యేసుక్రీస్తు జీవించిన శతాబ్దమునాటిదని పండితులు నిర్ణయించిరి. ఎనిమిది మీటర్లకు కొంచెము మించిన పొడవు. దానిలో 12 రకముల కఱ్ఱ ఉన్నది. చూచితిరా? చేతికి దొరికిన చెక్కనెల్ల అతికి, మరల మరల బాగుచేసికొన్న బీదవాని పడవ అది. యేసు ఎక్కిన పడవ అదియేయని చెప్పుటకు ఆధారము లేదు. అట్లు చెప్పనక్కరయు లేదు. ఆయన ఎక్కినది అటువంటి పడవయే.

అటువంటి పడవలో, ఒక సాయంకాలము, దినమంతయు జనసమూహములకు బోధించి అలసిన యేసు, అమరమున తలగడమీద తల వాల్చి నిద్రపోయెను. గాలి లేచెను. అలలు పడవలోనికి కొట్టెను. శిష్యులలో పలువురు ఆ నీటిమీద పుట్టి పెరిగిన బెస్తలు; ఏ గాలికి భయపడవలెనో, ఏ గాలికి భయపడనక్కరలేదో ఎరిగినవారు. వారే భయపడిరి. ఆయనను లేపి, మేము నశించిపోవుచుండగా నీకు చింతలేదాయని నిష్ఠురమాడిరి. ఆయన లేచి గాలిని గద్దించెను. సముద్రము అణగినది.

ఈ కథను మీరందరు ఎరుగుదురు. కాని మార్కు సువార్తలో ఒక చిన్నమాట ఉన్నది. దానిని చాలమంది గమనింపరు. ఆ రాత్రి ఆయన పడవ వెంట మరికొన్ని పడవలుకూడ ఉండెనట. ఆ పడవలలోనివారెవరో మనకు తెలియదు. వారును తుఫానులో చిక్కుకొనియుందురు. వారికిని నిమ్మళము కలిగియుండును. ఎందుచేత కలిగెనో వారికి తెలిసియుండదు. దైవకృపను గూర్చి పెద్దపెద్ద గ్రంథములు చెప్పలేనిదానిని ఆ ఒక్కమాట చెప్పుచున్నదని నా నమ్మకము.

సరే, గలిలయలో తుఫాను అణగినది. దేవాలయములలో మనము తరచుగా వినునది ఈ కథయే. రెండవ తుఫానును గూర్చి వినుట అరుదు. గలిలయలో తుఫాను అణగినది. మెలితే చెంత తుఫాను అణగలేదు. ఈ రెండవదానిని గూర్చి చెప్పుటకే నేను ముఖ్యముగా మీ యెదుటికి వచ్చితిని.

అపొస్తలుడైన పౌలు బందీగా రోమునకు కొనిపోబడుచున్న దినములవి. శీతకాలము సమీపించినది; సముద్రప్రయాణము అపాయకరమని పౌలు హెచ్చరించెను. ఆ హెచ్చరిక ఊరక చేసినది కాదు. అంతకు పూర్వమే ఆయన మూడుమారులు ఓడ బద్దలై కష్టపడినవాడు. ఒక రాత్రియు ఒక పగలును నడిసముద్రములో గడపినవాడు. ఈ విషయమును ఆయనయే కొరింథీయులకు వ్రాసిన లేఖలో చెప్పుకొనెను. కాని శతాధిపతియైన యూలి ఆయన మాటకంటె నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఓడ సాగినది. క్రేతు దీవి దాటకముందే ఈశాన్యపు పెనుగాలి వచ్చి తాకినది.

పదునాలుగు రాత్రులు! సూర్యుడు కానరాలేదు, నక్షత్రములు కానరాలేదు. ఓడ విచ్చిపోకుండ దాని చుట్టు త్రాళ్లు బిగించిరి, సరకు పారవేసిరి, ఓడ సామగ్రినికూడ తమ చేతులారా సముద్రములో పారవేసిరి. బ్రతుకుదుమను ఆశ క్రమక్రమముగా సన్నగిల్లి, తుదకు పూర్తిగా పోయెను. అట్టి స్థితిలో పౌలు వారి నడుమ నిలిచి చెప్పిన మాట ఏమి? తుఫాను అణగునని కాదు. ఓడ పోవును, మీలో ఒక్క ప్రాణమైనను పోదని. మరల చెప్పెదను. ఓడ పోవునని ముందే చెప్పెను.

పదునాలుగవ రాత్రి నావికులు గుండు వేసి నీటిలోతు చూచిరి. కొంతసేపటికి మరల చూచిరి, లోతు తగ్గినది. రాళ్లకు కొట్టుకొందుమను భయముచేత అమరమునుండి నాలుగు లంగరులు వేసి, ఎప్పుడు తెల్లవారునాయని కాచుకొనియుండిరి. తెల్లవారబోవుచుండగా పౌలు, పదునాలుగు దినములనుండి సరిగా అన్నము ముట్టని ఆ జనులందరి యెదుట, సైనికులు, బందీలు, నావికులు, వర్తకులు, ఏ దేవుని కొలుచువారైనను సరియే, మొత్తము 276 మంది యెదుట, రొట్టె పట్టుకొని, దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, విరిచి, తినసాగెను. వారందరు ధైర్యము తెచ్చుకొని తామును తినిరి. రొట్టె పట్టుకొనుట, స్తుతించుట, విరుచుట: ఇవి ప్రభురాత్రిభోజనమును వర్ణించునప్పుడు ఈ కథను వ్రాసిన లూకాయే తన సువార్తలో వాడిన క్రియలు. లూకా ఈ మాటలను తెలియక వాడినాడని నేననుకొనను.

తరువాత ఏమి జరిగినది? ఓడ ఇసుకతిప్పకు తగులుకొని, ముందుభాగము కదలక బిగిసిపోగా, వెనుకభాగము అలల దెబ్బలకు బద్దలైపోయెను. ఈత వచ్చినవారు ఈదిరి. రానివారు పలకలమీదను, ఓడ చెక్కలమీదను తేలుచు ఒడ్డు చేరిరి. అందరును చేరిరి. ఆ ద్వీపము పేరు మెలితే, నేటి మాల్టా. వాన కురియుచుండెను, చలి కొట్టుచుండెను. భాష తెలియని ఆ ద్వీపవాసులు మంట వేసి వారినందరిని చేర్చుకొనిరి.

శ్రోతలారా, మనలో ఎంతమందికి గలిలయ తుఫాను లభించును? ఒక్క మాటతో రోగము మాయమగుట, ఒక్క రాత్రిలో అప్పు తీరుట, అట్టివి లేవని నేననను. కాని పెక్కుమంది భక్తులకు దక్కునది మెలితే తుఫానే. గాలి ఆగదు. ఓడ దక్కదు. ఒక పలక మాత్రము దొరకును. పలకమీద ఒడ్డు చేరినవాడు తక్కువ విశ్వాసి యని చెప్పు హక్కు ఎవరికిని లేదు. ఏలననగా పౌలంతటివాడు ఆ నీటిలోనుండియే తడిసి ఒడ్డెక్కెను.

తొలిశతాబ్దముల క్రైస్తవులు ఈ సంగతిని ఎరిగియుండిరి. రోమానగరము క్రింద త్రవ్విన సమాధిసొరంగములలో, ప్రిస్కిల్లా పేరిటను దొమితిల్లా పేరిటను పిలువబడు ఆ చీకటి దారులలో, తమవారి గోరీలమీద వారు చెక్కుకొన్న గుర్తులలో లంగరు ఒకటి. నిరీక్షణ ఆత్మకు లంగరు వంటిదని హెబ్రీయులకు వ్రాసిన లేఖ చెప్పుచున్నది. లంగరు గాలిని ఆపదు. గాలిలో ఓడను పట్టియుంచును.

ఇంక ఐర్లండు దేశపు సన్న్యాసులను గూర్చి కొంచెము చెప్పవలెను. వారి కథ విచిత్రమైనది. హెబ్రీయులు భయపడిన సముద్రమును వీరు తపోవనము చేసికొనిరి. 563వ సంవత్సరములో కొలంబా అను మహానుభావుడు స్వదేశము విడిచి అయోనా ద్వీపము చేరి ఆశ్రమము నెలకొల్పెను. నడిసముద్రమున నిట్టనిలువుగా లేచిన స్కెల్లిగ్ మైకేలు అను శిలమీద కొందరు రాతిగుడిసెలు కట్టుకొని, వందలకొలది మెట్లు చెక్కుకొని, సముద్రపక్షులతోపాటు నివసించిరి. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది 891వ సంవత్సరమున జరిగినట్లు ఆంగ్లేయుల ప్రాచీనవృత్తాంతములో చెప్పబడినది. ముగ్గురు ఐర్లండువారు రెండున్నర తోళ్లతో చేసిన పడవ యెక్కి, ఏడుదినముల ఆహారము తీసికొని, తెడ్డు లేకుండ బయలుదేరిరి. మన కృష్ణా తుంగభద్రలలో తోలు కప్పిన హరిగోలును చూచినవారికి ఆ పడవ ఎట్లుండెనో కొంత ఊహకందును. కాని హరిగోలుతో నది దాటుట వేరు, దానివంటిదానితో మహాసముద్రములో పడుట వేరు. ఎక్కడికి పోవుచున్నారు? ఎక్కడికైనను సరే. దైవప్రేమచేత పరదేశవాసము చేయవలెనని వారి కోరిక. ఏడు రాత్రుల పిమ్మట కార్న్‌వాలు తీరమున ఒడ్డుకు చేరి, అటనుండి ఆల్‌ఫ్రెడ్ రాజు కొలువునకు పోయిరి.

తెడ్డు లేని ఆ ప్రయాణమును తలచుకొన్నప్పుడు నాకు రోమాంచమగును. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. ఆ సన్న్యాసులు సముద్రమును కోరి యెన్నుకొనిరి. తెల్లవారుజామున తెప్ప వేసికొని వేటకు పోవు మన పల్లెకారునికి అట్టి యెన్నిక లేదు. ఇంటిలో పిల్లలున్నారు, గంగమీద పడక తప్పదు. అతని భయము, అతని మొక్కు, అతని నిరీక్షణ ఆ సన్న్యాసుల తపస్సుకంటె తక్కువవి కావు. ఈ ఇద్దరిలో ఎవరి ప్రక్క నిలుతువని నన్నడిగిన, నా మనస్సు పల్లెకారుని వైపే మొగ్గును. సువార్తయు అతనివైపే మొగ్గినది. యేసు తొలుత పిలిచినది వలలు వేయువారిని, వలలు బాగుచేసికొనువారిని.

మన తీరమునకు సముద్రమును గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. రాబర్టు నోబులు మొదలైన మిషనరీలు 1841లో వచ్చి స్థిరపడిన బందరు పట్టణమును, 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ముంచివేసినది. సుమారు 30,000 మంది మరణించిరి. 1977వ సంవత్సరము నవంబరు 19న దివిసీమలో వచ్చిన ఉప్పెనను చూచినవారు నేటికిని మన మధ్య ఉన్నారు. ఆ రాత్రి అన్ని మతములవారును ప్రార్థించిరి. ఆ రాత్రి అన్ని మతములవారును మునిగిరి. గలిలయలో గాలిని గద్దించిన ప్రభువు దివిసీమలో ఏల గద్దింపలేదు?

అది వారి పాపఫలమని చెప్పువారు కొందరుందురు. ఆ మాటను నేనంగీకరింపను, యేసుకూడ అంగీకరింపలేదు. సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచుచున్నారా, కారని ఆయన స్పష్టముగా చెప్పెను. ప్రభువు ఏల గద్దింపలేదను ప్రశ్నకు బైబిలు తర్కముతో సమాధానము చెప్పదు. అడుగుట తప్పు అనియు చెప్పదు. అడుగుటకు కీర్తనలనిచ్చినది. చనిపోయినవారిని గూర్చి ఒక వాగ్దానము చేసినది. సముద్రము తనలోనున్న మృతులను అప్పగించునని ప్రకటన గ్రంథము పలికిన ఆ వాగ్దానమును, ఆంగ్లేయ సంఘపు 1662వ సంవత్సరపు ప్రార్థనపుస్తకము, నడిసముద్రములో మరణించినవాని దేహమును నీటిపాలు చేయునప్పుడు చదువవలసిన మాటలలో చేర్చినది. గోరీ లేదు, గుర్తు లేదు, పూలు పెట్టుటకు చోటు లేదు. అయినను ఆ దేహము పోయినది కాదు, దాచబడినది. 1860లో విలియం వైటింగు అను ఉపాధ్యాయుడు సముద్రముమీద ఆపదలో ఉన్నవారి కొరకు ఒక కీర్తన రచించెను. నావికాసైన్యములు నేటికిని దానిని పాడుకొనుచున్నవి. మరుసటి యేడు దానికి కూర్చిన రాగమునకు డైక్సు అను స్వరకర్త పెట్టిన పేరు మెలితే! గలిలయ కాదు సుమా, మెలితే.

ప్రకటన గ్రంథము చివర ఇంకొక మాట ఉన్నది. క్రొత్త ఆకాశము, క్రొత్త భూమి వచ్చినప్పుడు సముద్రము ఇక ఉండదట. పత్మాసు ద్వీపములో, చుట్టును నీటిచేత తనవారినుండి వేరుచేయబడిన పరవాసి చూచిన దర్శనము గనుక, ఆ మాటలోని ఊరట మనకు తెలియుచున్నది. ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లికిని తెలియును. కాని మన పల్లెకారుడు ఈ మాట విని ఏమనుకొనును? తన తాతతండ్రులకు అన్నము పెట్టిన సముద్రము లేని పరలోకము అతనికేమి పరలోకము?

ఈ ప్రశ్నకు యోహాను సువార్త చివరి అధ్యాయములో నాకొక జవాబు కనబడుచున్నది. పునరుత్థానుడైన యేసు తిబెరియ సముద్రమనబడు ఆ గలిలయ సముద్రపు తీరమున తెల్లవారుజామున నిలిచియుండెను. రాత్రియంతయు వేటాడి ఏమియు పడని శిష్యులు, ఆయన చెప్పినప్రకారము కుడిప్రక్క వల వేసిరి. వల లాగలేనంత చేపలు పడెను. వారు ఒడ్డునకు వచ్చునప్పటికి ఆయన నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపరచియే యుండెను. సిద్ధముగా నున్నను, మీరిప్పుడు పట్టిన చేపలలో కొన్ని తెండని అడిగెను. వారి కష్టార్జితము ఆయన పంక్తికి కావలసివచ్చినది. పేతురు పోయి వల లాగెను. ఎవరో కూర్చుండి లెక్క పెట్టిరి; 153 చేపలు, అన్నియు పెద్దవి. ఆ సంఖ్యకు గూఢార్థము చెప్పుటకు అగస్తీను మొదలు ఎందరో పండితులు శ్రమపడిరి. ఒకటి మొదలు పదునేడువరకు సంఖ్యలనన్నిటిని కూడిన 153 వచ్చునని అగస్తీను కనుగొనెను. నాకు అంత దూరము పోవలెనని లేదు. వేటనుండి వచ్చినవారు, మృత్యుంజయుడు ఎదుట కూర్చుండియున్నను, అలవాటు చొప్పున చేపలు లెక్కపెట్టుకొనిరి. ఆయన వలదనలేదు, రండు, భోజనము చేయుడని పిలిచెను.